నీళ్ళు నిలిచిన లోయ

అనగనగా ఒక అడవి. ఆఫ్రికా ఖండానికి పడమటి కొసన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉండేదా అడవి. అక్కడ వాన పట్టిందంటే ఆకాశానికి చిల్లు పడ్డట్టే. నెలల తరబడి కురుస్తుంది. వెలిసిందంటే మళ్ళీ నెలల తరబడి చుక్క రాలదు.

ఆ అడవిలో జంతువులు వరి పండించుకుని తినేవి. అవును నాన్నా, జంతువులే. మనం చేతులతో చేసే పని అవి ముట్టెలతో, గిట్టలతో, ముక్కులతో చేసుకునేవి.

వాళ్ళలో ఫిండా అని ఒక అడవిపంది ఉండేది. ఆ దేశంలో మూడో ఆడపిల్ల పుడితే ఫిండా అని పేరు పెడతారు. రాగి రంగు ఒళ్ళు, వీపు మీద తెల్లటి చార, చెవుల కొసన పొడుగాటి కుచ్చులు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కానీ అడవిలో ఎక్కడ మట్టి పెళ్ళగించి కనపడినా అందరూ ముందు ఆమె వైపే చూసేవాళ్ళు. ఫిండా ఏమీ అనేది కాదు. ఆమెకి గంపెడు పిల్లలు. వాళ్ళ కడుపులు నింపడమే ఆమెకి పొద్దస్తమానం పని.

ఆ జంతువులన్నీ కొండ మీదే పోడు కొట్టుకునేవి. చెట్లు పడగొట్టి, తుప్పలు కాల్చి, ఆ బూడిదలో వరి చల్లేవి. మొదటి ఏడు బాగా పండేది. రెండో ఏడు సగం. మూడో ఏటికి నేల సత్తువంతా ఉడిగిపోయేది. అప్పుడు పక్కనున్న అడవి నరికేవి. అలా కొండంతా చుట్టి చుట్టి, చివరికి నరకడానికి చెట్టు లేకుండా పోయింది. ఉన్న కాస్త మట్టినీ వాన కడిగేసింది. కొండ వీపున ఎర్రటి గులకరాళ్ళు తేలాయి.

ఆ ఏడు ఫిండా పోడులో కంకులు గడ్డిపరకల్లా వచ్చాయి. పిల్లలు గింజలు తినేసి, ఊక కూడా నాకి, ఇంకా ఏముందన్నట్టు తల్లి మొహం చూశారు. వానాకాలం వస్తే ఆ అడవిలో ఆకలికాలం వచ్చినట్టే. పాత గింజలు అయిపోయి ఉంటాయి, కొత్తవి ఇంకా వెన్ను తీసి ఉండవు. ఈసారి ఆ ఆకలికాలం దాటేలా లేదని ఫిండాకి అర్థమైంది.

కొండ కింద ఒక లోయ ఉంది. రెండు కొండల మధ్య పళ్ళెంలా పరుచుకుని, తుంగతో, రెల్లుతో నిండి ఉంటుంది. ఎవరూ అందులోకి దిగేవాళ్ళు కాదు. ఆ లోయ ‘ఆవిడ’ది అనేవాళ్ళు. ఆవిడ ఎవరని అడిగితే గొంతు తగ్గించేవాళ్ళు. నల్లగా ఉంటుందట. నున్నగా మెరుస్తుందట. నీళ్ళలో నడిచినా చప్పుడు రాదట. అంతకు మించి ఎవరికీ తెలియదు.

ఎండాకాలం చివర ఒక పొద్దున ఫిండా పిల్లల్ని పొదలో ఉండమని చెప్పి లోయలోకి దిగింది. భయం వెయ్యలేదా అంటే వేసింది. ఆకలి ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది?

రెల్లు దాటి అడుగు పెట్టగానే ఆమె ఆగిపోయింది. కాలి కింద నేల చల్లగా ఉంది. ముట్టె పెట్టి చూసింది. కళ్ళ దాకా దిగిపోయింది. ఒక్క రాయి తగల్లేదు. మట్టి నల్లగా, వెన్నలా ఉంది. ఆమె గిట్ట దిగిన గుంటలో చూస్తుండగానే నీరు ఊరింది. కొండ మీద గొంతు తడుపుకోవడానికి చుక్క లేని రోజులవి. ఇక్కడ అడిగినవాళ్ళు లేకపోయినా నేల నీళ్ళు ఇస్తోంది.

ఆ మట్టి ఎక్కడిదో ఫిండాకి మెల్లగా తెలిసింది. అది కొండే. తన పోడు నుంచి వాన కడిగేసిన మట్టి, తన తల్లి పోడు నుంచి పోయిన మట్టి, తల్లికి తల్లి, ఆమెకి తల్లి పోగొట్టుకున్న మట్టి, అంతా ఇక్కడికే వచ్చి పడుకుంది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది. తెలియకుండానే ముందు మోకాళ్ళు వంచి, ముట్టె నేలకి ఆనించింది.

మర్నాడే దాచిన విత్తనాల్లో సగం తెచ్చి అక్కడ చల్లింది. నేల మంచిది కదా, ఇంకేం కావాలి అనుకుంది. మొలకలు పచ్చగా లేచాయి. మొదటి పెద్ద వాన పడింది. కొండ మీద పడ్డ నీళ్ళన్నీ ఒక్క ఉరుకున లోయలోకి దిగి, మొలకల్ని పెరుక్కుని పోయాయి. వాన వెలిశాక చూస్తే ఒక్క పరక లేదు.

ఫిండాకి కుంబా అని ఒక స్నేహితురాలు ఉండేది. కుంబా కుందేలు కన్నా కాస్త పెద్దగా ఉండే పొట్టి జింక. వయసులో పెద్దది, ఒంటరిది. ఫిండా ఆమెని కుంబక్కా అనేది. జరిగింది విని కుంబా నవ్వలేదు, తిట్టలేదు. నేల ఇంత మంచిదైతే తప్పు నేలది కాదు, నీళ్ళ పరుగుది అంది. నీళ్ళని ఆపుదాం పద అంది.

ఇద్దరూ లోయకి అడ్డంగా గోడ కట్టారు. ఫిండా ముట్టెతో మట్టి తోసింది. కుంబా రెల్లు కొరికి తెచ్చి మధ్య మధ్య పెట్టింది. గోడ ఫిండా వీపు కన్నా ఎత్తు లేచింది. దాని వెనక మళ్ళీ విత్తనాలు చల్లారు. వాన పడింది. నీళ్ళు వచ్చి గోడని ఆనుకుని నిలబడ్డాయి. ఇద్దరూ గట్టు మీద నుంచి చూసి మురిసిపోయారు.

నీళ్ళు పెరిగాయి. ఇంకా పెరిగాయి. మొలకలు మునిగాయి. అప్పుడు రెల్లు పక్కకి ఒదిగింది. చప్పుడు లేకుండా, నల్లగా, నున్నగా, గున్న ఏనుగంత ఒళ్ళుతో ఒక పొట్టి నీటిగుర్రం బయటికి వచ్చింది. వాళ్ళ వైపు చూడనైనా లేదు. లోయ పక్క అంచు వెంట నడుచుకుంటూ వచ్చి, గోడలోంచి, గోడ అన్నదే లేనట్టు, అవతలికి వెళ్ళిపోయింది. ఆ సందులోంచి నీళ్ళన్నీ గర్జించుకుంటూ పోయాయి. గోడ విరిగింది, మొలకలు పోయాయి, పనికి దగ్గరని కుంబా గోడ కింద ఈమధ్యే ఇల్లు కట్టుకున్న పొద కూడా కొట్టుకుపోయింది.

కుంబా వణికిపోయి కొండెక్కింది. ఫిండాకి మాత్రం భయం కన్నా కోపం ముందు వచ్చింది. ఆవిడ వెంటపడి లోయ చివర మడుగు దాకా వెళ్ళింది. మడుగు ఒడ్డున ఆగింది. నీళ్ళ మీద రెండు కళ్ళు, రెండు చెవులు. అంతే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు ఎప్పటి నుంచి ఈ లోయని చూస్తున్నాయో ఎవరూ చెప్పలేరు.

“అవ్వా,” అంది ఫిండా. “నా పిల్లలు ఆకలితో ఉన్నారు. నా గోడ ఎందుకు విరగ్గొట్టావు?”

“గోడ నేను చూడలేదు తల్లీ,” అంది ఆవిడ. “నా దారిన నేను నడిచాను. మా అమ్మ నడిచిన దారి అది. నీళ్ళూ ఆ దారినే నడుస్తాయి. నడిచేవాళ్ళకి దారి ఇచ్చి, ఆ పక్కన నీకేం కావాలో కట్టుకో. ఎవరు వద్దన్నారు?”

అంతే. కళ్ళు మునిగిపోయాయి. నీళ్ళ మీద చిన్న సుడి తిరిగి ఆగింది.

ఫిండా వెనక్కి వస్తూ ఆవిడ నడిచిన దారిని మొదటిసారి సరిగ్గా చూసింది. లోయ అంచు వెంట, కొండ పాదాన్ని ఆనుకుని, తరతరాల కాళ్ళు తొక్కి తొక్కి చేసిన లోతైన బాట. విరిగిన గోడ నుంచి ఉరికిన నీరంతా ఇప్పుడు ఆ బాటలో బుద్ధిగా పారుతోంది. దాని పక్కన లోయ నడిమి నేల తడిసి, ప్రశాంతంగా ఉంది. ఎవరూ తవ్వని కాలువ అది. ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉంది.

ఆమె కొండెక్కి కుంబాని వెతికింది. ఇల్లు పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ ఏ మొహంతో పిలవడమని కాసేపు తటపటాయించింది. కుంబా అంతా విని, తన గిట్టలు తానే చూసుకుంటూ కూర్చుంది. చివరికి లేచి, విత్తనాలు ఏమైనా మిగిలాయా అని అడిగింది. మిగిలినవి ఒక్క పిడికెడు.

ఆ పిడికెడూ ఈసారి లోయలో చల్లలేదు. ఒక మూల చిన్న నారుమడి చేసి పోశారు. నారు ఎదిగేలోగా నేల పని పట్టుకున్నారు. ఎత్తు గోడలు కట్టలేదు. మోకాలెత్తు గట్లు, ఒక్కో మడి చుట్టూ పోశారు. పై మడి ఫిండాది. దాని కింద మడి కుంబాది. ఆవిడ బాటలోంచి పై మడికి నీళ్ళు రావడానికి గట్టులో ఒక చిన్న మడవ పెట్టారు. పై మడి గట్టుకి ఇంకో మడవ పెట్టారు, అక్కడి నీళ్ళు కింది మడిలోకి దిగడానికి. ఎక్కువైన నీళ్ళు ఎక్కడివక్కడ బాటలోకే పోతాయి.

తర్వాత ఫిండా మడిలోకి దిగి దమ్ము చేసింది. ఏ పనికి అడవంతా ఆమెని ఆడిపోసుకునేదో ఆ పనే చేసింది. ముట్టెతో పెళ్ళగించింది, గిట్టలతో తొక్కింది, పొర్లింది. ఆమె పిల్లలు కూడా దిగి పొర్లారు. వాళ్ళని ఎవరూ కసరలేదు. గడ్డి వేళ్ళతో సహా మట్టిలో కలిసిపోయింది. మట్టి జావలా అయింది. మిట్టలున్న చోట ఫిండా పొట్టతో పాకి పల్లంలోకి తోసింది. నీళ్ళు ఎక్కడ మెరుస్తున్నాయో, ఎక్కడ మట్టి పైకి తేలిందో చూసుకుంటూ, మడంతా అద్దంలా అయ్యేదాకా తోసింది.

ఒక సాయంత్రానికి పని పూర్తయింది. మడవ తెరిచారు. నీళ్ళు వచ్చాయి, పరిగెత్తలేదు. మెల్లగా మడంతా పరుచుకున్నాయి. మూల మూలకీ వెళ్ళి, నిలబడ్డాయి.

ఆ కొండ పుట్టాక అక్కడ నీళ్ళు దేన్నీ ముంచకుండా నిలబడటం అదే మొదటిసారి. అప్పటిదాకా పరిగెత్తే నీళ్ళనో, ముంచే నీళ్ళనో చూశారు వాళ్ళు. ఇప్పుడు ఆ నీళ్ళలో ఆకాశం దిగి ఉంది. మబ్బులు మడిలో నడుస్తున్నాయి. ఇంటికి పోతున్న కొంగల బారు పైనా ఎగురుతోంది, కిందా ఎగురుతోంది. ఫిండా చిన్న కూతురు గట్టు అంచుకి వచ్చి, కాలు పెట్టబోయి, ఆకాశంలో పడిపోతానేమోనని వెనక్కి తీసుకుంది.

కొండ మీద జంతువులు ఒక్కొక్కటే చూసి కిందికి దిగాయి. లోయలో అడుగు పెట్టడానికి భయపడేవాళ్ళంతా వచ్చి గట్ల మీద నిలబడ్డారు. చింపాంజీలు వచ్చాయి, ముళ్లపంది వచ్చింది, నోరు మూయని గిజిగాళ్ళు కూడా రెల్లు మీద వాలి ఊరుకున్నాయి. పొద్దు గుంకి ఆ నీళ్ళు ఎర్రబడి, బంగారమై, నల్లబడేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు.

తర్వాత నాట్లు. కుంబా సన్నటి గిట్ట బురదలో దిగితే సరిగ్గా నారు పరకకి సరిపోయే గుంట పడేది. నారు నోట కరుచుకుని తెచ్చి ఆ గుంటలో పెట్టేది. జింక నోట్లో పచ్చటి నారు ఉండగా మింగకుండా ఉండటం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. కళ్ళ వెంట నీళ్ళు కారేవి గానీ కుంబా మింగలేదు. రెండు మడుల్లోనూ నాటింది. ఒక్కో పరక పది పిలకలు వేసింది. కొండ మీద ఎన్నడూ చూడని ఆకుపచ్చ లోయలో పరుచుకుంది.

అంతా బాగుందనుకున్నారు. అప్పుడు వాన మొహం చాటేసింది.

కురవాల్సిన నెలలో మబ్బు కూడా రాలేదు. బాటలో నీరు సన్నబడి, దారంలా అయింది. ఆ దారమంత నీరూ ముందు ఫిండా మడికే వస్తుంది. అక్కడ నిండితేనే కుంబా మడికి. ఫిండా తన మడి చూసుకుంది. పొట్టకొచ్చే వరి. పిల్లల వైపు చూసింది. ఆ పొద్దున ఆమె కింది మడవలో మట్టి కుక్కి, గిట్టతో తొక్కి గట్టి చేసింది.

కుంబా వచ్చి మడవ చూసింది. తన మడిలో నేల నెర్రెలు తీస్తోందని, పూటకి ఒక్కసారి తెరిచినా చాలని అడిగింది.

“ముందు నా పిల్లలు, అక్కా,” అంది ఫిండా. మొహం ఎత్తకుండానే అంది. “వాన పడితే నేనే తెరుస్తాను.”

“ఇన్ని నాట్లు వేశాం,” అంది కుంబా. “ఏది నీ పరక, ఏది నా పరక అని నేను ఎప్పుడూ చూసుకోలేదు, చెల్లీ.”

కుంబా గట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ మాట ఫిండా చెవిలో ముల్లులా ఉండిపోయింది. కానీ మడవ తెరవలేదు.

కొన్నాళ్ళకి ఫిండా వరి రంగు మారింది. ముందు ఆకుల కొసల మీద చిన్న చిన్న మచ్చలు. తర్వాత ఆకులన్నీ రాగిరంగు. నీళ్ళ మీద నూనెలాంటి తెట్టు కట్టింది. గిట్ట ముంచి తీస్తే ఎర్రటి తుప్పు అంటుకుంది. దుబ్బు పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. నీళ్ళు తక్కువై ఇలా అవుతోందనుకుంది ఫిండా. మడవలో ఇంకాస్త మట్టి కుక్కింది. వరి ఇంకా ఎర్రబడింది. నిండా నీళ్ళున్న మడిలో పైరు దాహంతో చచ్చిపోతున్నట్టు ఉంది.

ఆ గట్టులో ఫయా అనే పీత ఉండేది. ఫయా రోజూ గట్టుకి బొక్క పెట్టేది. అందులోంచి కొంచెం కొంచెం నీరు కిందికి జారేది. ఫిండా రోజూ ఆ బొక్క పూడ్చి, పీతని తిట్టిపోసేది. ఆ రోజు కూడా మట్టి తెచ్చింది. ఫయా బొక్క గుమ్మంలో కూర్చుని, డెక్కలు మడుచుకుని ఆమెని చూసింది.

“పూడ్చే ముందు ఒకసారి పక్కన చూడు,” అంది. “ఈ నీళ్ళలో నాకే ఊపిరాడటం లేదు. గాలి కోసం బొక్క పెట్టుకుంటున్నా. నీ వరి నాలాంటిదే కావచ్చు.”

ఫిండా చూసింది. బొక్క చుట్టూ ఉన్న నాలుగు దుబ్బులు పచ్చగా ఉన్నాయి. మడంతా తుప్పు రంగులో ఉంటే, నీరు కదిలే ఆ ఒక్క చోట పచ్చగా ఉన్నాయి. ఆమె నోట్లో మట్టి అలాగే ఉండిపోయింది. ఇది నిజమా, పీత మాయా అని ఆలోచించింది. పైన ఆకాశం తెల్లగా మండుతోంది. ఉన్న నీళ్ళు ఇవే. వదిలేస్తే మళ్ళీ వస్తాయని ఎవరు చెప్పగలరు? వదలకపోతే తన కళ్ళ ముందే మడి కుళ్ళిపోతోంది.

ఏమీ తోచక ఫిండా గట్టు ఎక్కి, చాలా రోజుల తర్వాత కింది మడి వైపు చూసింది. నెర్రెల్లో ఆమె పిల్లలు దూరేంత చోటుంది. వరి చుట్ట చుట్టుకుపోయింది. ఆ నెర్రెల మధ్య కుంబా తిరుగుతోంది. ఎక్కడో దూరంగా ఉన్న మడుగు నుంచి నోటి నిండా నీళ్ళు తెచ్చి, ఒక్కో దుబ్బు మొదట్లో పోస్తోంది. పోసి, మళ్ళీ వెళ్తోంది. ఒక్కసారి కూడా పై మడి వైపు చూడటం లేదు.

పీత మాట నిజమో కాదో ఫిండా ఇంక ఆలోచించలేదు. పరిగెత్తుకెళ్ళి ముట్టెతో మడవ పెకలించింది. ఎన్నాళ్ళుగానో తొక్కి తొక్కి గట్టి చేసిన మట్టి అది. ముట్టె చర్మం లేచి రక్తం వచ్చింది. చివరికి గడ్డ కదిలింది.

ఎర్రటి నీళ్ళు తెట్టుతో సహా కిందికి దూకాయి. కుంబా మడిలో కొన్ని నెర్రెల్లోకి ఇంకిపోయాయి, కొన్ని పొర్లి బాటలో కలిసి కొట్టుకుపోయాయి. నెర్రెలు నీళ్ళు తాగుతుంటే ఒక శబ్దం వచ్చింది. సన్నగా, లోయంతా ఒక్కసారి నిట్టూర్చినట్టు. కుంబా నోటి నిండా నీళ్ళతో అలాగే నిలబడిపోయింది. ఫిండా మడి నుంచి నీరు తగ్గింది, తగ్గింది, బురద బయటపడింది. తన నీరంతా వెళ్ళిపోవడం ఫిండా గట్టు మీద కూర్చుని చూసింది. పిల్లలు వచ్చి ఆమె పొట్ట కింద దూరారు.

పొద్దున్నే లేచి చూస్తే మడిలో పలచగా నీళ్ళున్నాయి. వాన పడలేదు. ఆ నీళ్ళలో ఎరుపు లేదు. అడుగున మట్టి కనిపించేంత తేటగా ఉన్నాయి.

అవి కొండ లోపలి నుంచి వచ్చిన నీళ్ళు, పిల్లలూ. కొండ కడుపులో ఎప్పుడూ సన్నటి ఊట ఉంటుంది. అది ఎండాకాలంలోనూ ఆగదు. ఆ కొండ రాయిలో ఇనుము ఉంది. ఊట వస్తూ వస్తూ కాస్త ఇనుము తెస్తుంది. నీరు కదిలితే అదీ కదిలిపోతుంది. మడవ మూసి ఆపితే అక్కడే పేరుకుని, వేళ్ళ ఊపిరి తీస్తుంది. మడి నిండిపోయాక కొత్త ఊటకి లోపలికి వచ్చే చోటే లేకుండా పోయింది. ఇవన్నీ ఫిండాకి ఆ పొద్దున తెలియవు. ఆమెకి తెలిసింది ఒక్కటే. తాను ఇచ్చేశాననుకున్న నీళ్ళ స్థానంలో కొత్త నీళ్ళు వచ్చి, చడీచప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. కొండ వైపు తలెత్తి చూసింది. ఇంత పెద్ద కొండ ఇన్నాళ్ళూ తన కోసం లోపల నీళ్ళు దాచుకుని ఉందని తలుచుకుని, ముట్టె ఆ నీళ్ళకి ఆనించింది.

ఆ రోజు నుంచి నీళ్ళు వచ్చాయి, నిలిచాయి, కిందికి వెళ్ళాయి. తెరిచినప్పుడల్లా ఫిండా పైరుకి కొత్త ఆకు వచ్చింది. ఎర్రబడిన ఆకుల మధ్య లేత పచ్చ తొంగి చూసింది. కొన్ని దుబ్బులు తిరిగి లేవలేదు, ఆ మాట కూడా చెప్పాలి. మడిలో అక్కడక్కడ ఖాళీలు మిగిలాయి. కింద కుంబా మడి మాత్రం చుట్ట విప్పుకుని నిలబడింది. ఒకరోజు కుంబా వచ్చి, ఫిండా పుండు పడిన ముట్టె చూసి, మెత్తటి ఆకులు నమిలి దాని మీద పెట్టింది. అప్పుడు ఫిండా ఏడ్చింది.

కోతల నాటికి కంకులు బరువెక్కి నేల చూశాయి. నూర్చి రాశి పోస్తే ఫిండా పిల్లలు రాశి అవతల కనపడలేదు. ఆ గింజలు తర్వాతి వానల దాకా మిగిలి, ఆకలికాలంలో మొదటిసారి ఆ అడవిలో నమిలే చప్పుడు వినిపించింది. కొండ మీదవాళ్ళని కూడా పిలిచి పెట్టారు.

మరుసటి ఏడు అందరూ లోయలోకి దిగారు. కొండ మీద తుప్పలు మళ్ళీ చెట్లవడం మొదలైంది. లోయ పొడవునా మడి కింద మడి, మడి కింద మడి వచ్చాయి. అప్పుడు తగువు కూడా వచ్చింది. అందరికీ పై మడి కావాలి. పై మడివాడి చేతిలో మడవ ఉంటే కిందివాళ్ళ బతుకు వాడి దయే కదా అని చింపాంజీలు అరిచాయి. మాటా మాటా పెరిగింది.

ఫిండా ముందుకు వచ్చింది. అంతమంది ముందు మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు.

“నా మడవ నా చేతిలో ఉన్నప్పుడు నేను మూశాను,” అంది. “అది మీకందరికీ తెలుసు. నన్ను నేను ఇంక నమ్మను. ఇవాళ్టి నుంచి నా మడవ కుంబక్క చూసుకుంటుంది. ఆమె ఎప్పుడు తెరిస్తే అప్పుడే నీళ్ళు దిగుతాయి. ఆమె మడవ ఆమె కిందివాళ్ళు చూసుకోనీ. ఎవరి మడవైనా వాళ్ళ కిందివాళ్ళ చేతిలోనే ఉండనీ.”

కుంబా లేచి, పై మడి గట్టు దగ్గరికి నడిచింది. ఫిండా మడిలో నీళ్ళు ఎంత ఉన్నాయో, ఆమె నారుకి ఎంత కావాలో వంగి చూసింది. చూసి, సన్నటి గిట్టతో మడవ సగమే తెరిచింది. ఫిండాకి సగం ఉంచింది.

నీళ్ళు కుంబా మడిలోకి దిగాయి. ఆమె మడవ దగ్గర ముళ్లపంది వచ్చి నిలబడింది. దాని కింద చింపాంజీ. నీళ్ళు ఒక మడవ నుంచి ఇంకో మడవకి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుతున్నట్టు, లోయ పొడవునా నడిచాయి. వెళ్ళిన చోటల్లా ఒక ముక్క ఆకాశం పరుచుకుంది. గట్ల మీద ఉన్నవాళ్ళంతా ఆ నడక చివరిదాకా చూశారు.

నీతి: ఒక్కరే పట్టి ఉంచుకున్న నీరు తుప్పు పడుతుంది, కిందివారికి పారనిచ్చిన నీరు అందరి పంటనూ కాపాడుతుంది.